రాత్రి ఆకాశంలో చిన్న విమానం: రేడియోలో ఎప్పుడు మాట్లాడి తీరాలి?

అమెరికాలో ఓ చిన్న ఊరి ఎయిర్‌పోర్టు. రాత్రి పదిన్నర. కంట్రోల్ టవర్ లేదు. ఉన్న ఒకరిద్దరు సిబ్బంది ఎప్పుడో ఇళ్లకు వెళ్లిపోయారు. పైనుంచి చూస్తే రన్‌వే ఎక్కడుందో కూడా తెలియదు. నాలుగు సీట్ల సెస్నాలో వస్తున్న పైలట్ ఆ ఎయిర్‌పోర్టు ఫ్రీక్వెన్సీ పెట్టుకుని, నోరు తెరవకుండా, ఐదు సెకన్లలోపు మైక్ బటన్‌ను ఏడుసార్లు నొక్కుతాడు. కింద రన్‌వే పొడవునా లైట్లు వెలుగుతాయి. పదిహేను నిమిషాలు వెలిగి, వాటంతట అవే ఆరిపోతాయి.

పైలట్ కోర్సు కోసం టెక్సాస్‌కో ఫ్లోరిడాకో వెళ్లిన మన పిల్లలు ఇంటికి ఫోన్ చేసి చెప్పే వింతల్లో ఇదొకటి. అంతకంటే పెద్ద వింత ఇంకోటుంది. ఆ సెస్నా పైలట్ ఆ రాత్రి బయల్దేరిన దగ్గర్నుంచి దిగేదాకా ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడకపోయినా అక్కడి చట్టం ప్రకారం తప్పు కాకపోవచ్చు. యూరప్‌లో చాలాచోట్ల అలా ఎగిరితే తప్పు. మన దేశంలో అయితే ఆ ప్రయాణమే సాధారణంగా కుదరదు.

జీతం కోసం కాక సొంతానికి ఎగిరే ప్రైవేట్ పైలట్ రాత్రి పూట రేడియోలో మాట్లాడి తీరాలా అని అడిగితే ఒకరు అవునంటారు, ఇంకొకరు కాదంటారు. నిజానికి రేడియో అక్కడ మూడు వేర్వేరు పనులు చేస్తుంది. ఒకటి, అనుమతి అడగడం. రెండు, నేనిక్కడున్నానని తోటి విమానాలకు చెప్పడం. మూడు, ఏదైనా జరిగితే మన ఆచూకీ ఎవరికో ఒకరికి తెలిసేలా చూసుకోవడం. చట్టం పట్టుబట్టేది చాలావరకు మొదటిదాని కోసమే. రాత్రి పూట ప్రాణం మీదికి వచ్చేది మిగతా రెండింటితో. ఈ తేడా తెలిస్తే చిక్కుముడి సగం విడిపోతుంది. ముందుగా ప్రైవేట్ పైలట్లు రాత్రి పూట ఎక్కువగా ఎగిరే అమెరికా నిబంధనలు చూసి, తర్వాత యూరప్, మన దేశం సంగతి చూద్దాం.

కళ్లతో చూసి ఎగరడం అంటే

విమానం నడపడానికి రెండు రకాల నిబంధనలున్నాయి. మొదటిది విజువల్ ఫ్లైట్ రూల్స్, పైలట్లు వీఎఫ్ఆర్ అంటారు. పైలట్ బయటికి చూస్తూ, నేలను, దిక్చక్రాన్ని, ఎదురొచ్చే విమానాలను కంటితోనే గమనించుకుంటూ వెళ్తాడు. ఢీకొట్టకుండా చూసుకునే బాధ్యత ప్రధానంగా అతనిదే. రెండోది ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లైట్ రూల్స్, అంటే ఐఎఫ్ఆర్. మబ్బుల్లో బయట ఏమీ కనిపించకపోయినా మీటర్లను చూసి, ఏటీసీ (నేల మీది నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ల వ్యవస్థ) ఇచ్చిన దారిలో, ఏటీసీ చెప్పిన ఎత్తులో వెళ్లడం. మనం ఎక్కే ఇండిగో, ఎయిర్ ఇండియా విమానాలన్నీ రెండో పద్ధతిలో వెళ్లేవే.

ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌తో మొదట దొరికేది వీఎఫ్ఆర్ మాత్రమే. ఐఎఫ్ఆర్‌కు విడిగా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ సంపాదించుకోవాలి.

చూసి ఎగరడం అన్నప్పుడు రాత్రి ఎలా కుదురుతుంది? కొంతవరకు పగటికంటే తేలికే. ఊళ్ల దీపాలు, హైవేల మీద కార్ల వరస, ఎదురొచ్చే విమానాల లైట్లు ఎంతో దూరం నుంచే కనిపిస్తాయి. కానీ దీపం లేనిదేదీ కనిపించదు. ముందున్న మబ్బు కనిపించదు, దూరిన తర్వాతే తెలుస్తుంది. దీపాల్లేని కొండ కనిపించదు. నిండు చీకట్లో సముద్రం మీద ఎగిరేటప్పుడు నీరు ఎక్కడ ముగిసిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో కన్ను పోల్చుకోలేదు. పేరుకు వీఎఫ్ఆర్. ఆ నిమిషానికి అది దాదాపు ఐఎఫ్ఆర్ లాంటిదే. రేడియో నిబంధన గురించి ఇంత వాదన నడవడానికి అసలు మూలం ఇక్కడుంది.

అందుకే వాతావరణం విషయంలో చట్టం రాత్రికి కాస్త గట్టిగా ఉంటుంది. అమెరికాలో ఏటీసీ అదుపు లేని ఆకాశంలో నేలకు దగ్గరగా, అంటే 1,200 అడుగుల లోపు, పగలు ఒక మైలు దూరం కనిపిస్తే చాలు, మబ్బుల్లో దూరకుండా ఉంటే చాలు. రాత్రి అయితే మూడు మైళ్లు కనిపించాలి. మబ్బుకు 500 అడుగుల కిందగానో, 1,000 అడుగుల పైగానో, పక్కకైతే 2,000 అడుగుల ఎడంగానో ఉండాలి. పగలు గమ్యం చేరాక ఇంకో 30 నిమిషాలు ఎగరడానికి సరిపడా ఇంధనం మిగలాలి. రాత్రికి అది 45 నిమిషాలు.

రాత్రి ఎప్పుడు మొదలవుతుంది? ఒకే సాయంత్రం, మూడు గడియారాలు

ఇది వినడానికి పిల్లల ప్రశ్నలా ఉంటుంది. పరీక్షల్లో ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

అమెరికా నిబంధనల్లో రాత్రికి మూడు కొలతలున్నాయి. ఒక ఊళ్లో సూర్యుడు సాయంత్రం 6:00కు అస్తమించాడు అనుకుందాం. ఆ తర్వాత కాసేపు సంధ్య వెలుతురు ఉంటుంది. సూర్యుడు దిక్చక్రానికి ఆరు డిగ్రీల కిందికి దిగేవరకు ఉండే ఆ వెలుతురును సివిల్ ట్వైలైట్ అంటారు. అది 6:25కు ముగిసింది అనుకుందాం.

పైలట్ 6:10కి గాల్లో ఉంటే విమానం రెక్కల చివర ఎరుపు, ఆకుపచ్చ లైట్లు, తోకన తెల్ల లైటు వెలిగించి తీరాలి. ఆ నిబంధన సూర్యాస్తమయం నుంచే మొదలవుతుంది. కానీ ఆ పది నిమిషాలను లాగ్‌బుక్‌లో రాత్రి అని రాసుకోకూడదు. 6:40కి ఎగురుతుంటే రాత్రి అని రాసుకోవచ్చు. మూడు మైళ్ల చూపు, 45 నిమిషాల ఇంధనం కూడా అప్పుడు వర్తిస్తాయి. అయితే 6:40కి చేసిన ల్యాండింగ్ ఇంకో లెక్కకు పనికిరాదు. రాత్రి పూట ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే గడచిన 90 రోజుల్లో పైలట్ కనీసం మూడుసార్లు టేకాఫ్ అయి, మూడుసార్లు దిగి పూర్తిగా ఆగి ఉండాలి. అవి సూర్యాస్తమయం తర్వాత గంట దాటాక, సూర్యోదయానికి గంట ముందులోపు జరగాలి. అంటే మన ఉదాహరణలో 7:00 తర్వాత. ఒంటరిగా ఎగిరేవాళ్లకు ఈ నియమం అడ్డు రాదు. పక్క సీట్లో ఫ్రెండ్ కూర్చున్నాడంటే అడ్డు వస్తుంది.

ఆకాశానికి అక్షరాలు: ఎక్కడ మాట తప్పనిసరి

అమెరికా ఆకాశాన్ని ఏ, బీ, సీ, డీ, ఈ, జీ అని తరగతులుగా విడగొట్టారు. పైలట్లు ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా, ఎకో, గోల్ఫ్ అంటారు. రేడియోలో మాట్లాడాలా వద్దా అనేది పగలా రాత్రా అన్నదాని మీద కాదు, మీరున్న తరగతి మీద ఆధారపడుతుంది. చీకటి పడిందన్న ఒక్క కారణంతో కొత్తగా రేడియో నిబంధన ఏదీ పుట్టదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

18,000 అడుగులకు పైనున్న ‘ఏ’ (ఆల్ఫా) తరగతిలోకి వీఎఫ్ఆర్ విమానానికి ప్రవేశమే లేదు. డాలస్, చికాగో, అట్లాంటా, న్యూయార్క్ లాంటి మహా ఎయిర్‌పోర్టుల చుట్టూ ఉండేది బీ తరగతి. అక్కడ పలకరింత చాలదు, లోపలికి రమ్మని కంట్రోలర్ నోటితో స్పష్టంగా అనుమతి వినాలి. ఆస్టిన్ లాంటి మధ్య తరహా నగరాలకు సీ తరగతి. టవర్ ఉన్న చిన్న ఎయిర్‌పోర్టులకు డీ. ఈ రెండింట్లో ముందుగా రెండువైపులా మాట కలిస్తే చాలు. మిగిలిన విశాలమైన ఆకాశమంతా ఈ, జీ తరగతులు. అక్కడ వీఎఫ్ఆర్ పైలట్ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, అర్ధరాత్రి అయినా సరే.

మాట కలవడం అంటే ఏమిటో చెప్పుకోకపోతే ఇదంతా సగమే అర్థమవుతుంది. మీరు సీ తరగతి అంచుకు వస్తూ కంట్రోలర్‌ను పిలిచారు. అతను బిజీగా ఉన్నాడు. "సెస్నా ఫోర్ టూ ఎక్స్‌రే, స్టాండ్‌బై" అన్నాడు. ఆగమన్నట్టే వినిపిస్తుంది. కానీ మీ విమానం పేరు అతని నోట వచ్చింది కాబట్టి మాట కలిసినట్టే, మీరు లోపలికి వెళ్లొచ్చు. అదే అతను "ఎయిర్‌క్రాఫ్ట్ కాలింగ్, స్టాండ్‌బై" అన్నాడనుకోండి. పిలిచిందెవరో అతనికింకా తెలియదు. మాట కలవలేదు, బయటే ఉండాలి. మూడో రకం కూడా ఉంది. మీ పేరు చెప్పి మరీ "రిమైన్ అవుట్‌సైడ్" అంటే మాట కలిసినట్టే, కానీ బయట ఉండమని ఆదేశం. ఒక్క పేరు వినపడటం, వినపడకపోవడం మీద లైసెన్స్ మీదికి వచ్చేంత తేడా ఉంటుంది. కొత్త విద్యార్థులకు టెన్షన్ పుట్టేది ఇందుకే.

లాక్‌హార్ట్ నుంచి జార్జ్‌టౌన్‌కు ఒక రాత్రి

ఒక ఊహా ప్రయాణం కట్టి చూద్దాం. టెక్సాస్‌లో ఆస్టిన్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ దారే తీసుకుందాం. ఆస్టిన్‌కు దక్షిణాన లాక్‌హార్ట్. అక్కడి చిన్న ఎయిర్‌పోర్టుకు టవర్ లేదు. ఆస్టిన్‌కు ఉత్తరాన జార్జ్‌టౌన్. అక్కడ టవర్ ఉంది. మధ్య దూరం సుమారు 50 నాటికల్ మైళ్లు. మ్యాపు మీద గీత గీస్తే అది సరిగ్గా ఆస్టిన్ బెర్గ్‌స్ట్రమ్ ఎయిర్‌పోర్టు మీదుగా వెళ్తుంది.

లాక్‌హార్ట్‌లో రన్‌వే మీదికి ఎక్కే ముందు పైలట్ ఎవరినీ అనుమతి అడగక్కర్లేదు. అడగడానికి మనిషే లేడు. కానీ ఆ ఫ్రీక్వెన్సీలో తను ఎవరో, ఏ రన్‌వే నుంచి ఏ దిక్కుకు వెళ్తున్నాడో గాల్లోకి చెప్తాడు. ఇది చట్టం కాదు, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ గట్టిగా చెప్పే అలవాటు. చీకట్లో లైట్లు లేకుండా రన్‌వే చివర నిలబడిన విమానం దిగుతున్నవాడికి కనిపించకపోవచ్చు, ఈ మాట మాత్రం వినిపిస్తుంది. రేడియో చేసే రెండో పని ఇదే.

పైకి లేచాక ముందు ఆస్టిన్ సీ తరగతి ఆకాశం. ఎయిర్‌పోర్టు చుట్టూ ఐదు మైళ్ల వరకు అది నేలను తాకుతుంది. ఐదు నుంచి పది మైళ్ల మధ్య సుమారు 1,200 అడుగుల నుంచి మొదలవుతుంది. పైన ఎయిర్‌పోర్టుకు సుమారు 4,000 అడుగుల ఎత్తు దాకా ఉంటుంది. పైలట్‌కు మూడు దారులు. చుట్టూ తిరిగి వెళ్లొచ్చు, మాట అక్కర్లేదు. దానిపైన ఎగిరి వెళ్లొచ్చు, అప్పుడూ మాట అక్కర్లేదు. కానీ విమానం తన స్థానాన్ని తానే ప్రసారం చేసే ఏడీఎస్-బీ పరికరం ఉండాలి. 2020 జనవరి 1 నుంచి బీ, సీ తరగతుల లోపల, వాటి పైన, ఇంకా మరికొన్నిచోట్ల అది తప్పనిసరి. లేదా ఆ ఆకాశాన్ని చూసుకునే కంట్రోలర్‌ను, అంటే ఆస్టిన్ అప్రోచ్‌ను పిలిచి, మాట కలుపుకుని, మధ్యలోంచే వెళ్లొచ్చు. నేనైతే మూడోదే మేలంటాను. కంట్రోలర్ నాలుగంకెల కోడ్ ఇస్తాడు, రాడార్ మీద గుర్తుపడతాడు, ఎదురుగా ఏ విమానం వస్తోందో చెప్తాడు.

అసలు విచిత్రం జార్జ్‌టౌన్‌లో. అక్కడి టవర్ రాత్రి 10 గంటలకు మూస్తారు అనుకుందాం. 9:55కు చేరితే అది డీ తరగతి. ముందే మాట కలవాలి. అంతటితో అయిపోదు, దిగడానికి విడిగా అనుమతి వినాలి. దారిలో ట్రాఫిక్ ఎక్కువై పైలట్ 10:05కు చేరాడు. అదే రన్‌వే, అదే చీకటి, అదే విమానం. టవర్ మూసేయడంతో ఆ ఆకాశం డీ తరగతి నుంచి ఈ గానీ జీ గానీ అయిపోయింది. ఇప్పుడు అనుమతి అడగాల్సిన పని లేదు, ఇచ్చేవాడూ లేడు. పైలట్ ఆ ఫ్రీక్వెన్సీలో తన రాక తనే చెప్పుకుని, అవసరమైతే బటన్ నొక్కి లైట్లు వెలిగించుకుని దిగుతాడు. రాత్రి ప్రయాణానికి ముందు టవర్ వేళలు చూసుకోమని ఇన్‌స్ట్రక్టర్లు పదేపదే చెప్పేది ఇందుకే. పగలు ఎగిరేవాడికి ఈ మార్పు ఎదురుపడటం చాలా అరుదు.

టవర్ లేని చోట బటనే దీపం మీట

ఏడు నొక్కులతో లైట్లు పూర్తి కాంతితో వెలుగుతాయి. ఐదు నొక్కితే మధ్యస్థం, మూడు నొక్కితే తక్కువ. పొగమంచు ఉన్న రాత్రి పూర్తి కాంతి పెడితే కళ్లు చెదరొచ్చు. అందుకే పైలట్ ముందు ఏడు నొక్కి రన్‌వేను పట్టుకుని, దగ్గరికొచ్చాక తగ్గించుకుంటాడు. దిగే ముందు ఇంకోసారి నొక్కడం మంచి అలవాటు, పదిహేను నిమిషాల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. సగం దిగాక లైట్లు ఆరిపోతే ఆ క్షణం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

గమనించాల్సింది ఏమిటంటే, ఈ మీట పెట్టింది పైలట్ చేత మాట్లాడించడానికి కాదు, కరెంటు ఆదా కోసం, రాత్రంతా మనిషిని కాపలా పెట్టే పని తప్పించడం కోసం. కానీ దాని వల్ల రేడియో లేని విమానానికి ఆ ఎయిర్‌పోర్టు రాత్రి పూట లేనట్టే అయింది. చట్టం తప్పనిసరి అనకపోయినా ఏర్పాటు తప్పనిసరి చేసింది.

ఆచూకీ: ఫ్లైట్ ప్లాన్ వేరు, ఫ్లైట్ ఫాలోయింగ్ వేరు

మూడో పని దగ్గర రెండు మాటలు బాగా కలిసిపోతుంటాయి.

వీఎఫ్ఆర్ ఫ్లైట్ ప్లాన్ అంటే ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ దారిన, ఎన్ని గంటలకు చేరతాను, విమానంలో ఎంతమంది అని ముందుగా రాసి ఇవ్వడం. అమెరికాలో వీఎఫ్ఆర్‌కు ఇది తప్పనిసరి కాదు. ఇచ్చినా దాన్ని చూసుకునేది ఫ్లైట్ సర్వీస్ అనే విభాగం. మీరు మాట్లాడే కంట్రోలర్ ముందు ఆ కాగితం ఉండదు. చేరాల్సిన సమయం దాటి అరగంట అయినా పైలట్ ప్లాన్ మూయకపోతే వెతుకులాట మొదలవుతుంది. టవర్ ఉన్నచోట దిగినా సరే, అది దానంతటదే మూసుకోదు. పైలట్ ఫోన్ చేసో రేడియోలో చెప్పో మూయాలి.

ఫ్లైట్ ఫాలోయింగ్ అంటే దారిపొడవునా కంట్రోలర్ రాడార్ మీద మిమ్మల్ని చూస్తూ ఉండటం. అడిగితే ఇస్తారు, పని ఒత్తిడి లేకపోతేనే ఇస్తారు. ఇందులో మీరు ప్రతి క్షణం ఒకరి చెవిలో ఉంటారు. చప్పున మాయమైతే ఎక్కడ మాయమయ్యారో వాళ్లకు తెలుస్తుంది.

1999 జూలై 16 రాత్రి జరిగింది ఇక్కడ చెప్పుకోవాలి. అమెరికా మాజీ అధ్యక్షుడు జాన్ ఎఫ్ కెన్నెడీ కొడుకు జాన్ కెన్నెడీ జూనియర్ న్యూజెర్సీలోని ఎసెక్స్ కౌంటీ ఎయిర్‌పోర్టు నుంచి పైపర్ సారటోగా విమానంలో మార్తాస్ విన్‌యార్డ్ దీవికి బయల్దేరాడు. వెంట భార్య, ఆమె అక్క. అతనికి ప్రైవేట్ లైసెన్స్ ఉంది, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేదు. ఫ్లైట్ ప్లాన్ ఇవ్వలేదు. బయల్దేరిన ఎయిర్‌పోర్టు టవర్‌తో మాట్లాడాక దారిలో ఏటీసీతో మాట్లాడలేదు. ఇందులో ఏదీ నిబంధనలకు విరుద్ధం కాదు. మసక పట్టిన చీకటి రాత్రి, సముద్రం మీద, విమానం అదుపు తప్పింది. చివరి క్షణాల్లో అది నిమిషానికి 4,700 అడుగులకు పైగా వేగంతో కిందికి పడింది. ముగ్గురూ చనిపోయారు. దిక్కు తెలియని భ్రాంతిలో పైలట్ అదుపు కోల్పోయాడని ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. మసక, చీకటి కూడా కారణాల్లో చేర్చింది. విమానం రాలేదని అర్ధరాత్రి దాటాక కుటుంబ మిత్రుల ఫోన్ కోస్ట్ గార్డ్‌కు చేరింది. మృతదేహాలు దొరికింది ఐదు రోజుల తర్వాత.

ఈ ప్రమాదాన్ని రేడియో చర్చలో తరచూ వాడతారు, కొన్నిసార్లు తప్పుగా కూడా. కంట్రోలర్‌తో మాట్లాడుతూ ఉంటే బతికేవాడని గట్టిగా చెప్పలేం. చెవిలోని సమతూకం అబద్ధం చెప్తుంటే, బయట చూడటానికి ఏమీ లేకపోతే, రేడియోలో వినిపించే గొంతు విమానాన్ని నిటారుగా నిలబెట్టలేదు. అందుకు మీటర్లు చూసి ఎగిరే సాధన కావాలి. కానీ ఎక్కడ వెతకాలో, ఎప్పుడు మొదలెట్టాలో అన్న విషయంలో మాత్రం కచ్చితంగా తేడా వచ్చేది.

యూరప్ ఒకలా, బ్రిటన్ ఇంకోలా, మన దేశం మరోలా

యూరప్ దేశాల ఉమ్మడి నిబంధనల్లో రాత్రి వీఎఫ్ఆర్‌కు విడిగా ఒక పేరానే ఉంది. ముందుగా ఆ దేశం దాన్ని అనుమతించి ఉండాలి. ఎయిర్‌పోర్టు పరిసరాలు దాటి వెళ్తుంటే ఫ్లైట్ ప్లాన్ ఇవ్వాలి. అందుబాటులో ఉన్నచోట ఏటీసీ సంబంధిత ఫ్రీక్వెన్సీలో రెండువైపులా మాట కలిపి, ప్రయాణమంతా కలిపే ఉంచాలి. మబ్బు 1,500 అడుగుల కంటే కిందికి ఉండకూడదు. ఎనిమిది కిలోమీటర్ల లోపు ఉన్న ఎత్తైన అడ్డంకి కంటే 1,000 అడుగులు, కొండ ప్రాంతమైతే 2,000 అడుగులు పైన ఎగరాలి. అమెరికాలో ఐచ్ఛికంగా వదిలేసిన రెండో పనినీ మూడో పనినీ ఇక్కడ చట్టంలోకి తెచ్చారు.

లైసెన్స్‌లోనూ ఈ తేడా ఉంది. అమెరికాలో ప్రైవేట్ పైలట్ కోర్సులోనే మూడు గంటల రాత్రి శిక్షణ, పది ల్యాండింగులు, మొత్తం 100 నాటికల్ మైళ్లు దాటిన ఒక రాత్రి ప్రయాణం కలిసి ఉంటాయి. యూరప్‌లో రాత్రి ఎగరాలంటే లైసెన్స్ తర్వాత విడిగా నైట్ రేటింగ్ తెచ్చుకోవాలి, కనీసం ఐదు గంటల రాత్రి శిక్షణతో. కెనడా, ఆస్ట్రేలియాల్లో కూడా విడి రేటింగ్ ఉంది.

బ్రిటన్ కథ ఆసక్తికరం. 2012 దాకా అక్కడ రాత్రి వీఎఫ్ఆర్ అన్నదే లేదు, రాత్రి ఎగిరితే ఐఎఫ్ఆర్ నియమాలే. ఆ ఏడాది రాత్రి వీఎఫ్ఆర్‌ను అనుమతించారు. ఒకే ఆకాశం, ఒకే చీకటి, నియమం మాత్రం తిరగబడింది. ఇలాంటివి ఆకాశం స్వభావం నుంచి కాక, మనుషులు ఎంచుకున్న పద్ధతి నుంచి పుడతాయని దీన్ని చూస్తే తెలుస్తుంది.

మన దేశంలో చీకటి పడ్డాక వీఎఫ్ఆర్‌లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లడం సాధారణంగా కుదరదు. ఏటీసీ మినహాయింపు ఇస్తే ఎయిర్‌పోర్టు పరిసరాల్లో స్థానికంగా, ఫ్లయింగ్ క్లబ్బుల శిక్షణ కోసం ఎగరొచ్చు. అంటే ఏటీసీ పర్యవేక్షణలోనే. ఇక్కడ నేర్చుకునే విద్యార్థి, ఎవరితోనూ మాట్లాడకుండా రాత్రి ఎగరడం అనే ఆలోచన దగ్గరికే రాడు.

రేడియో వాడే మనిషికి కావాల్సిన కాగితం విషయంలోనూ పెద్ద తేడానే. అమెరికాలో దేశం లోపల ఎగిరే పైలట్‌కు విడిగా రేడియో లైసెన్స్ అక్కర్లేదు. 1996లో వచ్చిన టెలికాం చట్టం తర్వాత అది పోయింది. మన దగ్గర ఆర్‌టీఆర్ అనే రేడియో లైసెన్స్ పరీక్ష పాసవ్వాలి. చాలా ఏళ్లు దాన్ని టెలికాం శాఖ నిర్వహించేది. భారతీయ వాయుయాన్ అధినియం అనే కొత్త చట్టం 2025 జనవరి 1న అమల్లోకి రావడంతో ఆ బాధ్యత మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు మారింది. అమెరికాలో శిక్షణ ముగించి తిరిగొచ్చేవాళ్లు ఈ పరీక్షను చివరికి వదిలేసి ఇబ్బంది పడుతుంటారు. ఎగరడం అంతా వచ్చి ఉంటుంది, మాట్లాడే కాగితం ఒక్కటి చేతిలో ఉండదు.

తప్పనిసరి చేయాలా? రెండువైపుల మాట

రాత్రి పూట ఎక్కడైనా సరే రేడియో తప్పనిసరి చేయాలనేవాళ్ల వాదన తేలిగ్గా తీసేయగలిగేది కాదు. పగలు బలవంతంగా దిగాల్సి వస్తే పొలం కనిపిస్తుంది, కింద ఎవరో ఒకరు చూస్తారు. రాత్రి ఎవరూ చూడరు. ఒకసారి చెప్పిన మాట వెతికేవాళ్ల పనిని వందల చదరపు మైళ్ల నుంచి కొన్ని మైళ్లకు తగ్గిస్తుంది. ముందున్న కొండ, మూసుకొస్తున్న మబ్బు గురించి కంట్రోలర్ హెచ్చరించగలడు.

వద్దనేవాళ్లు మూడు సంగతులు చెప్తారు. అమెరికా పడమటి కొండ ప్రాంతాల్లో తక్కువ ఎత్తులో ఎగిరితే ఏటీసీ రేడియో అందదు. అందని చోట తప్పనిసరి అంటే ఆ దారి మూసేయడమే. కంట్రోలర్లు ఇప్పటికే పని ఒత్తిడిలో ఉన్నారు. ఇక ఏడీఎస్-బీ నోరు విప్పకుండానే ఉనికి చెప్తోంది కదా అనేది మూడోది. ఒకప్పుడు నాలుగోది కూడా వినిపించేది, పాత విమానాల్లో కరెంటు వ్యవస్థే ఉండదు కదా అని. అది రాత్రికి అంతగా నిలవదు. రాత్రి ఎగరాలంటే రెక్కల చివర, తోకన ఉండే పొజిషన్ లైట్లు, మెరిసే లైటు, వాటికి చాలినంత కరెంటు ఎలాగూ ఉండాల్సిందే.

యూరప్ వాక్యంలో "అందుబాటులో ఉన్నచోట" అనే చిన్న షరతు ఉందే, ఈ రెండు వాదనల మధ్య దారి అదే అనిపిస్తుంది. అందేచోట మాట్లాడమనడం వల్ల ఏ దారీ మూసుకుపోదు. ఏడీఎస్-బీ స్థానం చెప్తుంది కానీ అవతలి మనిషి మాట తిరిగి తెచ్చి ఇవ్వదు. అలాగని, మాట్లాడుతున్నాను కదా అనే ధైర్యంతో వాతావరణం బాగోని రాత్రి బయల్దేరేవాళ్లు పెరుగుతారన్న భయాన్ని నేను కొట్టిపారేయలేను. రేడియో అనుమతి తెస్తుంది, ఉనికి చెప్తుంది, ఆచూకీ ఇస్తుంది. చూపు మాత్రం ఇవ్వదు.

రేడియో చచ్చిపోతే

రాత్రి పూట రేడియో ఒక్కటే పోవడం అరుదు. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ పోతే బ్యాటరీ కాసేపు లాగుతుంది. ఆ తర్వాత రేడియో, లోపలి మీటర్ల వెలుతురు, బయటి లైట్లు, నాలుగంకెల కోడ్‌ను రాడార్‌కు పంపే ట్రాన్స్‌పాండర్ వరసగా పోతాయి. అందుకే రాత్రి ఎగిరేవాళ్ల దగ్గర టార్చి లైట్లు రెండు ఉంటాయి.

ట్రాన్స్‌పాండర్ పనిచేస్తున్నంతసేపు 7600 కోడ్ పెడితే మాట పోయిందని రాడార్ చూస్తున్నవాళ్లకు తెలుస్తుంది. టవర్ పనిచేస్తున్న ఎయిర్‌పోర్టుకు చేరగలిగితే అక్కడి కంట్రోలర్ చేతి దీపంతో రంగుల సైగలు చేస్తాడు. గాల్లో ఉన్నవాడికి నిలకడగా ఆకుపచ్చ కనిపిస్తే దిగొచ్చు. నిలకడగా ఎరుపైతే ఇతరులకు దారిచ్చి చక్కర్లు కొడుతూ ఉండాలి. ఎరుపు మెరుస్తుంటే అక్కడ దిగకూడదు. అర్థమైందని చెప్పడానికి పైలట్ ల్యాండింగ్ లైటును ఆర్పి వెలిగిస్తాడు, అది ఇంకా పనిచేస్తుంటే. ఈ సైగలు పగటికంటే రాత్రే బాగా కనిపిస్తాయి.

ఇబ్బందంతా టవర్ లేని ఎయిర్‌పోర్టు దగ్గరే. మొదట్లో చెప్పిన ఆ చీకటి రన్‌వే పైకి ఇలాంటి స్థితిలో చేరిన పైలట్‌కు ఎదురుగా మీట ఉంది, నొక్కే వేలు కూడా ఉంది, మధ్యలో తీగ తెగింది. రాత్రంతా లైట్లు వెలిగే ఎయిర్‌పోర్టు దగ్గర్లో ఏదుందో ముందే గుర్తుపెట్టుకున్నవాడు అటు తిరుగుతాడు. బ్యాగులో బ్యాటరీతో నడిచే చేతి రేడియో పెట్టుకున్నవాడు దాన్ని బయటికి తీసి, అదే ఫ్రీక్వెన్సీ పెట్టి, ఏడుసార్లు నొక్కుతాడు. దగ్గరగా ఉంటే ఆ నొక్కులు చాలు, లైట్లు వెలుగుతాయి.